పాఠశాలను ‘పాటసల’ అని రాస్తే ఎన్ని తప్పులు? నాలుగో తరగతి బాబు, వాళ్ళ నాన్న: ఒక కేస్ స్టడీ

(డిస్లెక్సియాను, అంటే తెలివి బాగున్నా చదవడం, రాయడం పట్టుబడని అభ్యసన వైకల్యాన్ని, ఎలా తేల్చామో చెప్పడానికి ఒకే తరహా కేసులు కొన్నింటిని కలిపి రాసిన వివరణ ఇది. కుటుంబాన్ని గుర్తుపట్టగలిగే వివరాలేవీ ఉంచలేదు.)

బాబు వయసు 9 ఏళ్ళ 4 నెలలు. కూకట్‌పల్లి వైపు ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగో తరగతి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, వీధిలో పిల్లలతో హిందీ. బడి నుంచి వచ్చిన ఫిర్యాదు ఒక్క ముక్క: తెలివి ఉంది, శ్రద్ధ లేదు. అమ్మ చెప్పింది ఇంకొంచెం పనికొచ్చే మాట. డిక్టేషన్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది, ఆదివారం రాదు. సైన్సు పాఠం చదివి వినిపిస్తే ప్రశ్నలన్నిటికీ నోటితో జవాబు చెబుతాడు, అదే పాఠం పరీక్షలో రాయమంటే 25కి 6 మార్కులు. రెండేళ్ళుగా ట్యూషన్ నడుస్తోంది. జ్ఞాపకశక్తికని ఒక సిరప్ కూడా నాలుగు సీసాలు తాగించారు. చదవడం రాకపోవడానికి తాగే మందు లేదు. ఆ డబ్బు వృథా.

చరిత్ర తీసుకోవడానికి గంటన్నర పట్టింది. నెలలు నిండి పుట్టాడు, ఫిట్స్ లేవు, తలకు దెబ్బ లేదు. మొదటి మాటలు ఏడాదిన్నరకు, వాక్యాలు మూడేళ్ళు దాటాక. ఐదేళ్ళప్పుడు హెలికాప్టర్‌ని ‘హెకిలాప్టర్’ అనేవాడు. అది ఆ వయసులో ముద్దే, కానీ తొమ్మిదేళ్ళకీ ‘ఆస్పత్రి’ ‘ఆప్సత్రి’గానే ఉంది. వారాల పేర్లు వరసగా చెబుతాడు, ‘గురువారం ముందు ఏ వారం?’ అంటే మళ్ళీ ఆదివారం నుంచి మొదలుపెట్టాలి. ఎక్కాలు మూడు దాటలేదు. సైకిల్, చెస్, బొమ్మల లెగో అన్నీ బాగా వచ్చు.

యూకేజీ మొత్తం, ఒకటో తరగతి మొదటి నెలలు ఫోన్‌లోనే గడిచిన బ్యాచ్ ఇది. గుణింతాలు నేర్వాల్సిన కాలం స్క్రీన్ ముందే పోయింది. కాబట్టి ‘కోవిడ్ వల్లే’ అన్న మాట కొట్టిపారేసేది కాదు. బోధన అందక చదువు రాకపోతే దాన్ని అభ్యసన వైకల్యం అనకూడదు. అయితే అదే సెక్షన్‌లో అదే ఫోన్ చదువు చదివిన పిల్లలు మూడో తరగతికల్లా అందుకున్నారు, ఈ బాబు అందుకోలేదు. ఇంట్లో రెండో తరగతి చెల్లెలు అన్నను దాటి చదువుతోంది. ఈ రెండూ విన్నాకే పరీక్షల వైపు వెళ్ళాం.

ముందు చెవి, కన్ను

ఈ వరస మార్చకూడదు. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి కావచ్చు, దగ్గర్లోని ఆడియాలజిస్టు కావచ్చు, వినికిడి కొలిచే ప్యూర్ టోన్ ఆడియోమెట్రీతో పాటు మధ్య చెవిలో నీరు ఉందేమో చూసే టింపనోమెట్రీ కూడా చేయించాలి. తరచూ జలుబు చేసే పిల్లల్లో మధ్య చెవి నీరు వచ్చి పోతుంటుంది. ఆ నెలల్లో చిన్న శబ్ద భేదాలు సరిగా అందవు. ఈ బాబుకి రెండు చెవులూ బాగున్నాయి. కుడి కంటికి చిన్న సైటు బయటపడింది, అద్దాలు ఇచ్చారు. ఆరు వారాల తర్వాత చూస్తే తలనొప్పి తగ్గింది, తప్పులు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు పిల్లల డాక్టరు చూశారు. ఈఈజీ, ఎంఆర్‌ఐ అవసరం లేదు. డిస్లెక్సియా స్కాన్‌లో కనిపించే జబ్బు కాదు.

తెలుగు నోటుబుక్కు

హైదరాబాద్‌లో ఈ పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు సంచిలో ఇంగ్లీషు నోట్సే పెట్టుకొస్తారు. తెలుగుది అడిగితే ‘అది సెకండ్ లాంగ్వేజే కదా మేడం’ అంటారు. 2018 చట్టంతో తెలంగాణలో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి ఆ నోటుబుక్కు ప్రతి ఇంట్లో ఉంటుంది. అది చూడకుండా లోపం ఉందో లేదో తేల్చకూడదు. ఇంగ్లీషులో పలికే తీరు వేరు, రాసే తీరు వేరు, ఎవరైనా తప్పు రాస్తారు. తెలుగులో చాలావరకు పలికిందే రాస్తాం. మూడేళ్ళు నేర్చుకున్నాక కూడా ఇక్కడ తప్పు పోతుంటే ఆ తప్పుకు కారణం వెతకాలి.

పన్నెండు మాటల డిక్టేషన్ ఇచ్చాం: కాకి, బడి, వాన, చెట్టు, మొక్క, పక్క, విత్తనం, సముద్రం, నక్షత్రం, పాఠశాల, ధనం, శంఖం.

బాబు రాసింది: కకి, బడి, వన, చేటు, మోక, పక, వితనం, సమూదం, నక్షతం, పాటసల, దనం, సంకం.

బడిలో అయితే దీనికి 12కి 1. ఎర్ర ఇంకుతో పదకొండు గీతలు. కానీ పదకొండు తప్పులూ ఒక్క జాతివి కావు. దనం, సంకం పక్కన పెట్టేయాలి. మాటల్లో ధ, ఖ వంటి ఒత్తక్షరాలు మనలో చాలామంది పలకరు, శ-ష-స కలిసిపోతాయి, కొన్ని ప్రాంతాల్లో ళ కూడా ల అయిపోతుంది. వినపడని తేడాని రాయడం వాచకం చూసి గుర్తుపెట్టుకోవాల్సిన పని. తెలివైన పిల్లలూ ఆరో తరగతి దాకా తప్పుతారు, పెద్దవాళ్ళ వాట్సాప్ చూస్తే పెళ్ళి శుభలేఖలోనూ కనిపిస్తుంది. పాటసలలో కూడా ఠ-ట, శ-స పోయినందుకు మార్కు కోయం. ‘శా’ దీర్ఘం పోయింది, అది లెక్క.

మిగిలిన తొమ్మిదే అసలు సాక్ష్యం. కకి, వన, పాటసల: దీర్ఘం పోయింది. చేటు, మోక, పక, వితనం: ద్విత్వం పోయింది. సమూదం, నక్షతం: ర-ఒత్తు పోయింది. ఈ తేడాలు అందరి నోట్లోనూ పలుకుతాయి. కల వేరు, కాల వేరు. పలికే తేడాని అక్షరానికి అంటించలేకపోవడమే ఇక్కడి లోపం.

చేటు, మోక, సమూదం ఇంకాస్త దగ్గరగా చూడండి. ‘చెట్టు’లో మొదటి అక్షరం ఒత్తు ముందు ఉంది కాబట్టి ఛందస్సు లెక్కన గురువు, రెండు మాత్రలు. ‘చేటు’లో కూడా మొదటిది రెండు మాత్రలే. అంటే బాబు చెవికి ఆ బరువు అందింది. ఆ బరువు ఒత్తు వల్ల వచ్చిందా, దీర్ఘం వల్ల వచ్చిందా అన్నది విడదీయలేక తనకు తెలిసిన దీర్ఘం పెట్టేశాడు. ‘సమూదం’లోనూ అదే: ద్ర ముందున్న ‘ము’ బరువుని ‘మూ’గా రాశాడు. శ్రద్ధ లేని పిల్లవాడు ఇంత నియమంగా తప్పు రాయడు. ‘నక్షతం’లో క్ష ఎందుకు నిలిచిందంటే అది వర్ణమాల చివర ఒకే అక్షరంలా నేర్పుతారు కాబట్టి. ఆ బొమ్మ గుర్తుంది, త్ర గుర్తులేదు.

ఇంగ్లీషులో నైట్‌ని ఎన్-ఐ-టి అని, స్కూల్‌ని ఎస్-కె-యు-ఎల్ అని రాశాడు. బి, డి ఇంకా తారుమారవుతున్నాయి. ఈ అక్షరాల తిరగేత గురించి అవసరానికి మించి భయం ప్రచారంలో ఉంది. ఏడేళ్ళ దాకా చాలామంది పిల్లలు తిప్పి రాస్తారు, అదొక్కటే చూసి డిస్లెక్సియా అనడం తప్పు. తెలుగులో అద్దంలో తిప్పితే మరో అక్షరమయ్యే జంటలు దాదాపు లేవు కనుక ఆ గుర్తు కోసం వెతికితే తెలుగు నోట్సు శుభ్రంగా ఉన్నట్టే కనబడుతుంది.

ఐక్యూ దగ్గర జరిగిన పొరపాటు

పద్నాలుగు నెలల కిందట మరోచోట ఐక్యూ పరీక్ష చేయించారు. 79 అని, ‘బార్డర్‌లైన్’ అని రాసిచ్చారు. ఫైల్లో ఆ కాగితం చూసి అమ్మానాన్నలు ప్రత్యేక బడి గురించి వాకబు చేస్తున్నారు. పరీక్ష పెట్టింది ఇంగ్లీషులో. మాటల విభాగంలో ‘అర్థం చెప్పు’ అన్న పదాలు బాబుకి తెలిసినవే, ఇంగ్లీషులో అడిగితే తెలియలేదు.

అదే పరీక్షను (మిసిక్, భారతీయ పిల్లల కోసం మలిన్ తయారుచేసిన ఐక్యూ పరీక్ష) తెలుగులో, నోటితో పెట్టాం. అదే పరీక్షను ఏడాదిలోపు తిరిగి పెడితే అలవాటు వల్ల అంకె పెరుగుతుంది, ఇక్కడ ఆ గడువు దాటింది. మాటల విభాగం 97, పనుల విభాగం 109, మొత్తం 103. రెండు ఉపపరీక్షలు మాత్రం కింద పడ్డాయి: అంకెల వరస తిరిగి చెప్పడం, నోటి లెక్కలు. రెండింటికీ విన్నదాన్ని కాసేపు పట్టి ఉంచే శక్తి కావాలి.

ఈ అంకె ఎందుకంత ముఖ్యం? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా ఇందులోదే. 2018 జనవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో ఐక్యూ 85 దాటితేనే తర్వాతి మెట్టుకు, అంటే నిమ్హాన్స్ బ్యాటరీకి (బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ తయారుచేసిన చదువు పరీక్షల వరసకి) వెళ్ళాలని ఉండేది. 79 దగ్గర తలుపు మూసుకుపోయేది. భాష తప్పు ఎంచుకున్నందుకు బాబు మరో పేరుతో మరో దారిలో పడేవాడు.

చదువు పరీక్షలు

నిమ్హాన్స్ బ్యాటరీ రెండో స్థాయి 8 నుంచి 12 ఏళ్ళవాళ్ళకు. రెండు పూటలుగా విడగొట్టి, రెండుసార్లూ పొద్దుటే చేశాం. బడి అయ్యాక సాయంత్రం చేస్తే అలసట కూడా లోపంగా లెక్కకొస్తుంది.

అంకెలు కొట్టేసే శ్రద్ధ పరీక్ష వయసుకు తగ్గట్టే ఉంది. బొమ్మలు చూసి గీయడం సరే, చూసి గుర్తుపెట్టుకోవడం సరే, విని గుర్తుపెట్టుకోవడం తక్కువ. ఇంగ్లీషు ఒకటో తరగతి పేరా తడుముకుంటూ పూర్తి చేశాడు, రెండో తరగతి పేరాలో నిమిషానికి 22 మాటలు, ప్రశ్నలకు జవాబు లేదు. నాలుగో తరగతి పేరాని మాత్రం మేం చదివి వినిపిస్తే ఐదు ప్రశ్నల్లో నాలుగు చెప్పాడు. చదివితే రెండు తరగతులకు పైగా వెనుక, వింటే తన తరగతిలోనే. ఈ ఎడం లేకపోతే, వినిపించినా అర్థం కాకపోతే, చూడాల్సింది భాషా లోపం వైపో మేధో వైకల్యం వైపో.

కూడిక, తీసివేత తరగతికి తగ్గట్టు చేశాడు. మాటల్లో ఇచ్చిన లెక్కలు తానే చదివితే తప్పు, చదివి చెబితే ఒప్పు. కాబట్టి డిస్కాల్క్యులియా (లెక్కల్లో ఉండే అభ్యసన వైకల్యం) అని రాయలేదు. అది ఉన్న పిల్లలు 7 పెద్దదా 9 పెద్దదా అన్నప్పుడు కూడా ఆలోచిస్తారు, వేళ్ళు వదలరు. ఎక్కాలు రాకపోవడం ఒక్కటే దానికి సాక్ష్యం కాదు.

తెలుగుకు ఒకటి నుంచి నాలుగు దాకా ప్రభుత్వ వాచకాలే వాడాం. రెండో తరగతి పేరా నిమిషానికి 14 మాటలు. ‘చీకటి’ దగ్గర పక్కన బొమ్మ చూసి ‘చీమ’ అన్నాడు. ఇలా మొదటి అక్షరం చూసి ఊహించే పిల్లల్ని పట్టుకోవాలంటే అర్థం లేని మాటలు ఇవ్వాలి: బిలుక, తగోమి, రానెపు. ఊహకు చోటుండదు. 20లో 6 చదివాడు, చెల్లెలు 15 చదివింది. ‘చిలకలో ల తీసేస్తే?’ అంటే ‘చిక’ అని చెప్పగలిగాడు, నాలుగు అక్షరాల మాటకు వచ్చేసరికి తప్పాడు. ఇంగ్లీషు పుస్తకాల్లో చెప్పినట్టు ‘క’లోంచి ‘అ’ తీయమని తెలుగు పిల్లల్ని అడగడం సరికాదు. మన లిపి అక్షరాన్ని ముక్క చేయదు, మామూలుగా చదివే పిల్లలకూ ఆ పని ఆలస్యంగానే వస్తుంది. తెలిసిన ఐదు బొమ్మల్ని కలిపి 50 గడుల్లో పెట్టి గబగబా పేర్లు చెప్పమంటే బాబుకి 71 సెకన్లు, ఏడేళ్ళ చెల్లెలికి 54. పేరు తెలుసు, నాలుక మీదికి రావడమే ఆలస్యం.

డిస్లెక్సియా పిల్లల్లో చాలామందికి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు నిలవని సమస్య) కూడా తోడుంటుంది కాబట్టి టీచరుకు, తల్లికి విడివిడిగా ప్రశ్నపత్రాలు ఇచ్చాం. టీచరుది గట్టిగా అవుననే ఉంది, తల్లిది కాదనే ఉంది. కథ వినిపిస్తే అరగంట కదలడు, చెస్ గంట ఆడతాడు. శ్రద్ధ పోయేది అచ్చు కాగితం ముందే. ఏడీహెచ్‌డీ అయితే ఇష్టమైన చోట కొంత కుదురున్నా, సంచి మర్చిపోవడం, వరసలో ఆగలేకపోవడం వంటివి అన్నిచోట్లా కనబడేవి.

నిర్ధారణ: నిర్దిష్ట అభ్యసన వైకల్యం, చదవడంలో, రాతలో, తీవ్రత మధ్యస్థం. అయితే ఆ రోజు రిపోర్టులో ‘తాత్కాలికం’ అని రాశాం. ఆరు నెలలు గురిపెట్టి నేర్పినా లోపం నిలిచి ఉండాలన్నది డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు వాడే అమెరికన్ ప్రామాణిక గ్రంథం) షరతు. రెండేళ్ళ ట్యూషన్‌ని దానికింద లెక్కపెట్టలేదు. అక్కడ జరిగింది హోంవర్కు చూసి రాయించడం.

నాన్న

చరిత్ర తీసుకునేటప్పుడు ఫారం ఇస్తే ఆయన చదవకుండా భార్యకిచ్చాడు. కళ్ళజోడు షాపులో మర్చిపోయానన్నాడు. ఎలక్ట్రికల్ సామాను షాపు నడుపుతాడు, వయసు 38. మాటల్లో తర్వాత వచ్చింది: ‘నాకు గూడ గిట్లనే ఉండె సార్. సార్లు బోర్డు మీద రాయమంటే చెమటలు వడుతుండె. టెంత్ రెండుసార్లు రాసిన.’

పెద్దవాళ్ళలో ఈ లోపం తప్పుల్లో కనిపించదు, తప్పించుకోవడంలో కనిపిస్తుంది. వాట్సాప్‌లో అన్నీ వాయిస్ మెసేజీలే. స్టాకు పుస్తకంలో సరుకు పేరు బదులు తన సొంత గుర్తులు. జీఎస్టీ కాగితాలు అకౌంటెంటు చూస్తాడు, సంతకం ఎక్కడో చెబితే పెడతాడు. ఫోన్ నంబరు నోటితో చెప్పమంటే తడబడతాడు, వేలు మాత్రం కీల మీద దానంతటదే పోతుంది. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళయితే ప్రమోషన్ వద్దనడం, మీటింగు మినిట్స్ రాసే పని పక్కవాళ్ళ మీదికి నెట్టడం, ఒక మెయిల్‌ని నాలుగుసార్లు చదవడం.

ఆయనకు పెద్ద పరీక్షలు పెట్టలేదు. పదిహేడేళ్ళు నిండినవాళ్ళకు కష్టం చిన్నప్పటి నుంచీ ఉందన్న ఆధారం ముఖ్యం, పాత మార్కుల మెమోలు అందుకు పనికొస్తాయి. తెలుగు పేపర్లో 120 మాటల వార్త చదివించాం. తప్పులు మూడే, సమయం 2 నిమిషాల 40 సెకన్లు. భార్య 55 సెకన్లలో ముగించింది. పెద్దవాళ్ళ దగ్గర గడియారం పెట్టకపోతే ‘బాగానే చదువుతున్నాడు’ అని రాసేస్తాం. అర్థం లేని మాటల దగ్గర మళ్ళీ కొడుకులాగే ఆగిపోయాడు.

బడికి అసలు వెళ్ళనివాళ్ళని, మధ్యలో మానేసి అక్షరం మరిచినవాళ్ళని ఈ గాటన కట్టకూడదు. ఇంకో హెచ్చరిక: అంతవరకు చక్కగా చదివే మనిషికి ఉన్నట్టుండి అక్షరాలు అర్థం కాకుండా పోతే అది డిస్లెక్సియా కాదు, పక్షవాతం కావచ్చు. ఆ గంటలోనే ఆస్పత్రికి.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మూడింట ఒక వంతు నుంచి సగం దాకా ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆయన తప్పుచేసినట్టు తలదించుకున్నాడు. నిజానికి ఇంట్లో బాబుని అందరికంటే ఎక్కువ కొడుతున్నది ఆయనే. సర్టిఫికెట్ వద్దన్నాడు. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగు, స్క్రీన్ మీది అక్షరాలు చదివి వినిపించే సదుపాయం పెట్టించుకున్నాడు.

ఆరు నెలలు నేర్పింది

వారానికి నాలుగు రోజులు, 45 నిమిషాలు. ఇంట్లో రోజూ 15 నిమిషాలు. మొదటి ఎనిమిది వారాలు తెలుగే. హ్రస్వానికి బల్ల మీద ఒక దెబ్బ, దీర్ఘానికి రెండు, కల, కాల, పడు, పాడు, తడి, తాడి. చెయ్యి సరిగా కొట్టాకే పలక మీద రాత. పది మాటల్లో తొమ్మిది, వరసగా రెండు రోజులు వస్తేనే ముందుకు. తర్వాత ద్విత్వం. ఇక్కడ బల్ల మీది దెబ్బ పనిచేయదు, ఎందుకంటే పాక, పక్క రెండూ అవే మాత్రలు. కాబట్టి నోటిమీద దృష్టి పెట్టించాం: ‘పాక’లో గాలి క్షణమే ఆగుతుంది, ‘పక్’ దగ్గర ఇంకాసేపు ఆగుతుంది. గొంతు మీద వేలు పెట్టుకుని ఆ ఆగడం పట్టుకోవడానికే రెండు వారాలు పట్టింది. క్క, ట్ట, త్త, మ్మ, ల్ల అయ్యాక త్ర, ద్ర, స్త.

తొమ్మిదో వారం నుంచి ఇంగ్లీషు శబ్దాలు: ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ వరసలో. ఇక్కడ తెలుగు పిల్లలందరికీ ఉండే చిక్కు ఒకటుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, బస్ మనకు బస్సు. ఎస్, ఎ, టి కలపమంటే ‘స-యా-టు’ అంటాడు, అది ‘శాట్’ కాదు కదా ఏ మాటా కాదు. హల్లుని పొడిగా, గొంతు కలపకుండా పలికించడం మొదటి వారంలోనే సాధించాలి.

ఐదో వారంలో పని చెడింది. తప్పొచ్చిన ప్రతి మాటనీ అమ్మ పదేసిసార్లు రాయించింది. తప్పు రాతనే చెయ్యి పదిసార్లు నేర్చుకుంది, పైగా కడుపునొప్పి మళ్ళీ వచ్చింది. రాతపని ఇంట్లో పూర్తిగా ఆపించి బల్ల మీద దెబ్బల ఆట ఒక్కటే ఉంచాం.

ఆరు నెలలకు తెలుగు వేగం నిమిషానికి 14 నుంచి 31, ఇంగ్లీషు రెండో తరగతి పేరా 22 నుంచి 38. కొత్త పన్నెండు మాటల డిక్టేషన్‌లో లెక్కలోకొచ్చే తప్పులు తొమ్మిది నుంచి నాలుగు, అన్నీ ఒత్తులే. ఇంగ్లీషు స్పెల్లింగు దాదాపు కదల్లేదు. లోపం నిలిచే ఉంది కనుక ‘తాత్కాలికం’ తీసేశాం.

సర్టిఫికెట్, బడి

మానసిక నిపుణులిచ్చే రిపోర్టు సర్టిఫికెట్ కాదు. దాంతో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చేసి ప్రభుత్వ మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాలి. 2018 మార్గదర్శకాల ప్రకారం 8 ఏళ్ళు నిండాల్సి ఉండేది, 14కు, 18కు మళ్ళీ పరీక్ష ఉండేది. 18 దగ్గర ఇచ్చింది జీవితాంతం చెల్లేది. 2024లో ఆ మార్గదర్శకాలు మారాయి. రిపోర్టు రాసినవారి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు సంతకం కింద ఉందో లేదో చూసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బడి రికార్డులో వెనుక ఉండి తిరిగొచ్చిన దరఖాస్తులు ఎక్కువ.

సర్టిఫికెట్ రాకముందే బడి చేయగలిగినవి రాసిచ్చాం. అందరి ముందు పైకి చదివించొద్దు. బోర్డు ఫోటో తీసుకోనివ్వండి. సైన్సు, సోషల్‌లో స్పెల్లింగుకు మార్కు కోయొద్దు. ప్రశ్న చదివి వినిపించండి. గంటకు 20 నిమిషాలు అదనం, బోర్డు పరీక్షల్లో కూడా ఇదే లెక్క, మూడు గంటల పేపరుకు గంట. మొదటి మూడూ ఒప్పుకున్నారు. ప్రశ్న చదివి వినిపించడానికి మనిషి లేరన్నారు, ఆఫీసు రూములో కూర్చోబెట్టి యూనిట్ టెస్టు రాయించేట్టు మాట కుదిరింది. మూడో భాషగా హిందీ మినహాయింపు సర్టిఫికెట్ వచ్చాక చూస్తామన్నారు.

చెల్లెలి వేగం వయసుకు సరిపడా ఉంది. అర్థం లేని మాటలు, బొమ్మల పేర్లు ఆమెకు మూడో తరగతి మధ్యలో మరోసారి పెట్టాలని ఫైల్లో రాశాం. బాబుకి తర్వాతి కొలత మరో ఆరు నెలలకు. ఈసారి త్ర, ద్ర ఉన్న మాటలే పన్నెండూ.